పిల్లి మీదికి తోసేశావు

పిల్లి. పిల్లి అన్నావు కదే.

వీధి వీధంతా నిలబడి చూస్తుంటే, గొంతు సవరించుకుని మరీ, "ఇదంతా లాన్ పిన్ని వాళ్ళ పిల్లి పని" అన్నావు. నేనక్కడే ఉన్నాను. బల్లకి ఇవతల, కుర్చీ పక్కన. నువ్వు నా పేరు చెబుతావని మొహం కడుక్కుని, తల దువ్వుకుని, జడ బిగించి కట్టుకుని నిలబడ్డాను. బళ్ళో బహుమతికి పేరు పిలుస్తారని నిలబడ్డట్టు నిలబడ్డాను.

ఆ పిల్లికి తోక కూడా లేదు. దాని మొహానికి అంత తెలివి ఉంటుందా? తువ్వాలు మడత పెట్టే పిల్లిని ఎక్కడైనా చూశావా నువ్వు?

తోము, తోము. కొట్టు ముందు కూర్చుని గిన్నెలు బాగా తోము. తల ఎత్తకు.

నీకు వినపడదని తెలుసులే. వినపడితే ఇంత ధైర్యంగా తిట్టేదాన్నా? అయినా ఇవాళ చెప్పాల్సిందే. ఇవాళ ఏడో నెల ఆఖరు రోజు. ఏడాదికి ఈ ఒక్క నెలే మాకు తలుపులు తెరిచేది, పొద్దు వాలగానే మూసేస్తారు. మళ్ళీ వచ్చే ఏడు ఏడో నెల దాకా ఇటువైపు రాలేను. అంతకాలం ఈ పిల్లి మాట కడుపులో పెట్టుకుని కూర్చోమంటావా?

ఎవరో తెలియక అన్నావంటే ఊరుకుందును. నేనెవరో నీకు తెలుసు. అదే కదా నా మంట.

మీ తాతకి అక్కని. మీ తాత ఆబున్‌కి, తోడబుట్టిన అక్కని. మీరంతా ఆయన, గారు అనుకోండి, నాకు మాత్రం వాడు వాడే. వాడికిప్పుడు మోకాళ్ళ నొప్పులు, కట్టుడు పళ్ళు, చెవిలో ఏదో మిషను. నాకింకా పన్నెండే. నీకూ పన్నెండే. నా చెప్పూ నీ చెప్పూ ఒకటే కొలత. ఆ సంగతి నువ్వే కదా కనిపెట్టావు? కనిపెట్టినప్పుడు ఎంత మురిసిపోయాననుకున్నావు!

ఈ నెల్లో మమ్మల్ని దెయ్యాలు అనకూడదని మీ నాయనమ్మ నీకు మూతి మీద ఒకటిచ్చి నేర్పింది. "మంచి అన్నదమ్ములు" అనాలి. సరే, మర్యాద బాగానే ఉంది. కానీ నేను ఎవరికి అన్నని? ఎవరికి తమ్ముణ్ణి? మీ చేప ఉండల కొట్టు ముందు బల్ల వేస్తారు. పళ్ళు, బిస్కెట్లు, వేడి వేడి చేప ఉండల గిన్నె పెడతారు. పక్కన కుర్చీ మీద కొత్త తువ్వాలు, తొట్టిలో నీళ్ళు, దువ్వెన, చిన్న అద్దం. దూరం నుంచి నడిచొస్తాం కదా, మొహం కడుక్కోవాలి కదా మేము. ఆ బల్లకి ఎర్ర కాగితం అంటించి "మంచి అన్నదమ్ములకి" అని రాస్తారు. ఏటా చదువుతాను. ఏటా ఒళ్ళు మండుతుంది.

ఆ బల్ల దగ్గర ఎంత తోపులాటో నీకు తెలీదు. మునిగిపోయిన జాలర్లు, ఎవరూ లేని ముసలాళ్ళు, ఏ ఊరివాళ్ళో కూడా గుర్తులేని సిపాయిలు. వాళ్ళ మోచేతుల కింద నుంచి దూరి, ఒక్క చేప ఉండ అందుకోవాలి నేను. అదీ మా సొంత కొట్టు ముందు. మా అమ్మ పెట్టిన కొట్టు ముందు.

లోపల పూజబల్ల ఉంది కదా, మీ తాత రోజూ ఊదొత్తులు వెలిగించేది. అక్కడ మా నాన్న పేరుంది, మా అమ్మ పేరుంది, నేను పుట్టకముందే పోయిన మా చిన్నాన్న పేరు కూడా ఉంది. నా పేరు లేదు. పెళ్ళి కాని ఆడపిల్ల పేరు పుట్టింటి బల్ల మీద పెట్టరట. మొగుడింటి బల్ల మీద ఉండాలట. పన్నెండేళ్ళదానికి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తేను? అమ్మ ఏడ్చింది. నాన్న ఆచారం అన్నాడు. అంతే, నేను వీధిలో మిగిలాను.

సరే, అమ్మానాన్నల కాలం అది. మరి ఇప్పుడు ఇంటికి పెద్ద ఎవరు? మీ తాత. పెట్టాలనుకుంటే వాడి చేతిలో పని. ఈ మధ్య కొంతమంది పెడుతున్నారు కూడా. వాడు పెట్టడు. ఎందుకు పెట్టడో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇన్నేళ్ళలో నన్ను పట్టించుకున్నదానివి నువ్వొక్కదానివే. అందుకే నీ మీద ఇంత కోపం.

నెల మొదటి రోజు గుర్తుందా? అందరూ ఊదొత్తులు ఆరేదాకా ఆగి, పళ్ళు లోపలికి మోసుకుపోతున్నారు. నువ్వు మాత్రం కుర్చీ దగ్గర ఆగిపోయావు. "నాయనమ్మా, తువ్వాలు తడిగా ఉంది" అన్నావు. గాలికి నీళ్ళు చిందాయేమో అంది ఆవిడ. గాలికి చిందితే మడత ఎవరు పెట్టారు అన్నావు నువ్వు. అబ్బ, నా ప్రాణం లేచొచ్చింది. అంటే, లేచొచ్చినంత పనైంది.

అప్పటినుంచి నిన్ను వదల్లేదు. మెళ్ళో ఆ భూతద్దం వేసుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని నువ్వు వీధంతా తిరుగుతుంటే వెనకే తిరిగాను. అందరూ నిన్ను ముల్లంగి, ముల్లంగి అని పిలుస్తుంటే నాకు నవ్వొచ్చేది. ఈ నెల్లో పిల్లల్ని అసలు పేరుతో పిలవరు కదా, ముఖ్యంగా పొద్దు వాలాక. మాలో ఎవరైనా విని ఆ పేరు పట్టుకుంటారని భయం. పూర్తి పేరుతో ఎవరైనా వెనకనుంచి పిలిస్తే తిరగకూడదు. మా అమ్మ కూడా నాకు ఇదే చెప్పింది. తిరగొద్దు, ఏమైనా సరే తిరగొద్దు అని.

నీ అసలు పేరు యూన్‌చి అని నాకు తెలుసు. నేనెప్పుడూ పట్టుకోలేదు. ఆ మాట గుర్తుపెట్టుకో.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో. నీళ్ళలో పోయినవాళ్ళు తమ బదులు ఇంకొకర్ని లాగితే విడుదలైపోతారని మీరంతా అనుకుంటారు చూడు, అది నిజమే. ఏడో నెలని కూడా చూడకుండా ఈ వీధి పిల్లలు రేవులో దూకుతుంటే, వాళ్ళ కాళ్ళు నా మొహం ముందే ఆడేవి. ఒక్క కాలు పట్టుకుంటే చాలు. ఎప్పుడూ పట్టుకోలేదు.

అదంతా ఎవరికి కావాలిలే. పిల్లి చేసిందట.

గుర్తులు నీకు ఎంత విడమరిచి పెట్టానే. నువ్వు మర్చిపోయి వదిలేసిన, గుప్పెట్లో పట్టే గింజల సంచులతో బల్ల మీద అచ్చంగిల్లలు ఆడి, చివర్లో ఒకదాని మీద ఒకటి ఇల్లు కట్టి వదిలాను. ఇప్పటి పిల్లలెవరూ అలా ఆడరు. దువ్వెనలో పొడుగు వెంట్రుక వదిలాను. మీ ఇంట్లో అందరివీ పొట్టి జుట్లే. నువ్వు వెంటనే పట్టేశావు. ఆ వెంట్రుకని వెలుతురుకి పెట్టి చూసి, "ఆడపిల్ల" అన్నావు. మెల్లిగానే అన్నావు, కానీ విన్నాను. అన్నదమ్ములు కాదు, ఆడపిల్ల. ఆ ఒక్క మాటకి నీకు ఏ సేవైనా చేసేదాన్ని.

ఇక చేప ఉండ సంగతి.

అది నేను ఏటా చేసే పని. గిన్నెలో ఒక ఉండ తీసుకుని, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కుతాను. బతికున్నప్పుడూ అంతే. అమ్మ వేడి ఉండలు గిన్నెలో వేయగానే నా దానికి ఒక గుంట పెట్టేదాన్ని. అది నాదని గుర్తు. ఎందుకంటే ఆబున్‌గాడు దొంగ. వాడి గిన్నె ఖాళీ చేసి నా గిన్నెలో చెయ్యి పెట్టేవాడు. గుంట ఉన్నది మాత్రం ముట్టుకోకూడదని ఒప్పందం.

నువ్వు ఆ గుంట చూశావు. భూతద్దం పెట్టి చూశావు. పెద్దవాళ్ళ వేలు కాదు, పిల్లల వేలు అని చెవి వెనక పెన్సిలు తీసి కొలిచావు కూడా. ఇంతలో ఏమైంది? మీ తాత వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఆ ఉండ ఒక్కటే తీసి నోట్లో వేసుకుని, నమలకుండా మింగేసి లోపలికి పోయాడు.

నీ నోరు తెరుచుకుపోయింది. నాదీ తెరుచుకుపోయింది, కానీ వేరే కారణానికి.

ఎందుకంటే ఏటా ఆ ఉండ మాయమవుతుంది. ఏ జాలరో తోసుకొచ్చి తినేశాడనుకునేదాన్ని. తిన్నది వీడని నాకు తెలీదు. అంటే వాడికి తెలుసు. ప్రతి ఏడూ తెలుసు. అక్క వచ్చింది, ఇదిగో దాని గుర్తు అని తెలిసి, ఎవరి కంటా పడకుండా నా గుర్తుని మింగేస్తూ వచ్చాడు. నేనేమో వాడు మర్చిపోయాడేమో, ఐదేళ్ళ పిల్లాడు కదా అప్పుడు, గుర్తుండదులే అని వాడి తరఫున నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

మర్చిపోయినా బాగుండేది.

నెల మధ్య రోజున నువ్వు వంటింట్లోకి వెళ్ళి అడిగావు. నేను గుమ్మం బయటే ఉన్నాను. తలుపు మీద కత్తులు పట్టుకున్న ఆ దేవుళ్ళ బొమ్మలున్నాయి కదా, వాళ్ళు నన్ను లోపలికి రానివ్వరు. లోపలివాళ్ళు పేరు పెట్టి పిలిస్తేనే దాటగలను. నన్ను ఆ ఇంట్లోంచి ఎవరూ పేరు పెట్టి పిలవరు కాబట్టి గుమ్మం బయటే నా బతుకు. సరే, బతుకు అనకూడదు.

వాడు చేప ముద్ద పిసుకుతున్నాడు. "తాతయ్యా, అచ్చంగిల్లల్లో ఇల్లు కట్టడం నీకు వచ్చా?" అని అడిగావు. వాడి చెయ్యి ఆగిపోయింది. గుంట ఉన్న ఉండ ఎందుకు మింగావు అన్నావు. వాడు స్టూలు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత చెప్పాడు. అంతా చెప్పాడు.

వాడు నీకు చెప్పింది నిజమే. ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆ రోజు కూడా ఏడో నెలే. రేవులో కాగితం పడవలు వదులుతారని వాడు వెళ్దామని ఏడుపు. నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని అమ్మ మరీమరీ చెప్పింది. దూరంగా నిలబడి చూసి వచ్చేద్దామని నేనే తీసుకెళ్ళాను. దారి పొడుగునా వాడితో పోట్లాట. ఎందుకో చెప్పాడా? పొద్దున నా గుంట ఉన్న ఉండ వాడు తినేశాడు. ఒప్పందం తప్పాడు. నేను అలిగి, వాణ్ణి వదిలేసి ముందు నడుస్తున్నాను.

వెనకనుంచి పిలిచాడు. అక్కా అని కాదు. వాడికి కోపం వచ్చినా, భయం వేసినా అక్కా అనడు, పూర్తి పేరు పెట్టి అరుస్తాడు. నేను తిరగలేదు. అమ్మ చెప్పింది కదా, తిరగొద్దని. పైగా అలక కూడా. మళ్ళీ అరిచాడు. అప్పుడు నీళ్ళ చప్పుడైంది.

తిరిగాను.

మెట్ల మీద పాచి పట్టి ఉంది. వాణ్ణి పైకి తోశాను. వాడు మెట్టు పట్టుకున్నాడు. నేను పట్టుకోలేకపోయాను. అంతే, ఆ తర్వాతది వద్దులే. నువ్వింకా చిన్నపిల్లవి.

నాకు దాని మీద కోపం లేదు. తమ్ముడు కదా, తొయ్యాలి. ఇప్పుడైనా తోస్తాను. నా కోపమంతా వాడు తడిబట్టలు ఒంటి మీదే ఆరబెట్టుకుని ఇంటికొచ్చాక చెప్పిన మాట మీద. అక్క ఏది అని అమ్మ అడిగితే వాడేమన్నాడో నీతో చెప్పాడు కదా, మొహం అటు తిప్పుకుని.

"నాకు తెలీదు అన్నాను. అక్క ఒక్కతే ఈతకి వెళ్ళిందన్నాను. కొడతారని భయమేసింది."

ఐదేళ్ళవాడు. భయమేసింది. నేను కాదనట్లేదు. ఐదేళ్ళప్పుడు భయమేస్తుంది. పదేళ్ళప్పుడు? ఇరవై అప్పుడు? పెళ్ళై, నీ నాన్నని ఎత్తుకుని ఈ వీధిలో తిరిగినప్పుడు? అమ్మ మంచం మీద ఉండి, "దానికి చెప్తే వినేది కాదు, మొండిది" అని కళ్ళు తుడుచుకుంటే, వాడు పక్కనే కూర్చుని అమ్మ కాళ్ళు నొక్కుతూ ఉన్నాడు. అదీ ఏడో నెలే, నేను కిటికీ బయట నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెప్తాడు, ఇదిగో ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. చెప్పలేదు. అమ్మ అలాగే పోయింది. నేను మాట వినని పిల్లననే అనుకుంటూ పోయింది.

ఈ వీధిలో నన్నేమంటారో తెలుసుగా? నీకూ చెప్పే ఉంటారు. "నీళ్ళ దగ్గరికి వెళ్ళకు, చేప ఉండల కొట్టు పిల్ల గతి పడుతుంది." పేరు కూడా లేదు. చేప ఉండల కొట్టు పిల్ల. పసిపిల్లలకి అన్నం తినిపించడానికి కూడా నన్నే వాడతారు. నేనేం చేశానని? నేను ఈతకి వెళ్ళలేదే. నాకు ఈతే రాదు.

నాకు కావలసింది అదొక్కటే. పూజబల్ల వద్దు. ఊదొత్తులు వద్దు. ఈతకి వెళ్ళలేదు, తమ్ముణ్ణి తియ్యడానికి వెళ్ళింది అని ఒక్కరు, ఒక్కసారి, నా పేరు పెట్టి, ఈ వీధిలో నిలబడి చెప్పాలి. అంతే.

నువ్వు చెబుతావనుకున్నాను.

లాన్ పిన్ని సంగతి కూడా చెప్పుకోవాలి. ఎదురుగా ఊదొత్తుల కొట్టు పెట్టుకుని కూర్చుంటుంది, ఈ వీధిలో ఏం జరిగినా ఆవిడకే ముందు తెలియాలి. తడి తువ్వాలు మాట విన్న దగ్గర్నుంచి ఒకటే గోల. అన్నదమ్ముల్లో ఎవరో అల్లరి మొదలుపెట్టారు, పూజారిని పిలిచి తరిమించాలి, లేకపోతే వీధికే అరిష్టం అని. అప్పుడు నువ్వు చెప్పావు, ఆఖరి రోజు బల్ల చుట్టూ చిలగడదుంప పిండి చల్లుదాం, అడుగులు పడతాయి, ఎవరో తేలిపోతుందని. మంచి ఉపాయం. నేను చప్పట్లు కొట్టాను.

ఇవాళ మధ్యాహ్నం ఎంత జాగ్రత్తగా నడిచానో తెలుసా? గాలిలో తేలే అలవాటు, పాదం ఆనించాలంటే ఎంత కష్టమో. మడమ ఆనించి, వేళ్ళు విడివిడిగా పడేటట్టు, బల్ల చుట్టూ ఒక్కో అడుగూ అచ్చు వేశాను. నీ చెప్పు కొలతే. చూస్తే ఎవరైనా చెప్పగలరు, ఇది పిల్ల అడుగు అని. తర్వాత ఆ దిక్కుమాలిన పిల్లి వచ్చింది. చేప వాసనకి. ఒక మూలనుంచి తొక్కుకుంటూ పోయింది. పోనీలే, నావి ఇంకా బోలెడున్నాయి అనుకున్నాను.

ముందు నువ్వే వచ్చావు. ఇంకా ఎవరూ రాలేదు. వంగి చూశావు. చెప్పు విప్పి నా అడుగు పక్కన నీ అడుగు పెట్టి చూశావు. రెండూ ఒకటే. నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. నా పక్కన నిలబడి ఉన్నావు, ఊపిరి తగిలేంత దగ్గర. తల ఎత్తి లోపలికి చూశావు. వంటింటి గుమ్మంలో మీ తాత నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు. చేతిలో గరిటె ఉంది. నిన్ను చూశాడు, అంతే.

నువ్వు చీపురు తీసుకున్నావు.

నా అడుగులు ఊడ్చేశావు. ఒక్కటి కూడా వదలకుండా, బల్ల కింద దూరి మరీ ఊడ్చావు. పిల్లి అడుగులు మిగిల్చావు.

తర్వాత లాన్ పిన్ని వచ్చింది, వీధంతా వచ్చింది, నువ్వు పిల్లి అన్నావు. అందరూ నవ్వారు. మీ నాయనమ్మ పిల్లిని తిట్టింది. పూజారి ఖర్చు తప్పిందని ఎవరో అన్నారు. మీ తాత గోడ పట్టుకుని లోపలికి పోయాడు.

నన్ను కాపాడానంటావేమో. పూజారి వచ్చి నన్ను తరిమేస్తాడని భయపడ్డానంటావేమో. సగం నిజమేనేమోలే. కానీ నువ్వు చూసింది వాడి మొహం కదే. చీపురు తీసే ముందు నువ్వు చూసింది వాణ్ణి. నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అటే చూశాను.

బతికున్నవాళ్ళు బతికున్నవాళ్ళ వైపే. నాకర్థమైంది. రేపు పొద్దున వాడితో కలిసి టిఫిను తినాలి నువ్వు. నాతో కాదు. వాడు నిన్ను బడికి దిగబెడతాడు, జ్వరమొస్తే తల మీద తడిగుడ్డ వేస్తాడు. మంచి తాతే. మంచి తాత కాదని నేననలేదు. మంచి తమ్ముడు కాదంటున్నాను.

అయినా నువ్వెందుకు ఏడుస్తున్నావు? నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి. ఏడవాల్సింది నేను కదా. మాకు కన్నీళ్ళు రావు, అదో బాధ.

సరే, నేను వెళ్ళాలి. వెలుతురు పల్చబడింది. వీధి చివర మావాళ్ళు బయల్దేరుతున్నారు, సిపాయిలు వరసలో నిలబడుతున్నారు, ఇప్పటికీ అలవాటు పోలేదు వాళ్ళకి. ఈ తొట్టి, అద్దం నువ్వింకా తియ్యలేదు. ఒకసారి మొహం కడుక్కుని పోతాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. తువ్వాలు ఈసారి మడత పెట్టనులే. పిల్లి మడత పెట్టదు కదా.

వచ్చే ఏడు ఉండ మీద గుంట పెట్టను. పెట్టి ఏం లాభం, మింగేవాడు మింగుతాడు. నీకు కూడా వచ్చే ఏటికి పదమూడు వస్తాయి. భూతద్దం ఎవరికో ఇచ్చేస్తావు. నేను ఇక్కడే ఈ తోపులాటలో అన్నదమ్ముల్లో ఒకడిగా మిగులుతాను.

ఏమే, గిన్నె ఎందుకు కింద పెట్టేశావు? ఎవర్ని అలా చూస్తున్నావు?

ఆగు.

తాన్ సూకిమ్.

విన్నావా? ఎవరే అది? ఎవరే ఆ పేరు పిలిచింది? ఏడో నెల ఇంకా అయిపోలేదు, పొద్దు వాలుతోంది, నడివీధిలో పూర్తి పేరు పెట్టి పిలుస్తారా ఎవరైనా? లాన్ పిన్ని చేతిలో ఊదొత్తుల కట్ట కింద పడిపోయింది చూడు. నీ నాయనమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

తాన్ సూకిమ్. నా పేరే. అరవై ఏళ్ళ కిందటి నా పేరే. ముసలి గొంతు, కానీ ఆ అరుపు నాకు తెలుసు. చివర్లో కాస్త పైకి లేస్తుంది. భయమేసినప్పుడు అలా లేస్తుంది.

తిరగను. నేను తిరగను. అద్దంలో కనపడుతున్నాడులే. చెప్పులు కూడా వేసుకోలేదు. మోకాళ్ళ నొప్పులని, రోడ్డు మధ్యకి ఎందుకొచ్చాడు? చేతిలో గిన్నె ఉంది. ఒకటే ఉండ ఉంది అందులో. మధ్యలో గుంట ఉంది. పెద్ద గుంట. ముసలివాళ్ళ బొటనవేలు. వాడే నొక్కాడు.

ఏమంటున్నాడు? ఏడుస్తూ చెబితే నాకు సరిగ్గా వినపడదు. నువ్వు వింటున్నావా? లాన్ పిన్ని వింటోందా? అందరూ వింటున్నారా?

"మా అక్క ఈతకి వెళ్ళలేదు. నేను పడ్డాను. నన్ను తియ్యడానికి దూకింది. అమ్మతో నేను అబద్ధం చెప్పాను."

ఆఁ. ఇప్పుడు చెప్పాడు. అమ్మ పోయాక, నాన్న పోయాక, వీధిలో సగం మంది కొత్తవాళ్ళు అద్దెకొచ్చాక, తలుపులు మూసే వేళకి చెప్పాడు. ఎంత తొందర చూడు మా తమ్ముడికి.

మళ్ళీ పిలుస్తున్నాడు.

నువ్వెందుకే నా వైపు అలా చూస్తున్నావు? నన్ను చూస్తున్నావా, నా వెనక వాణ్ణి చూస్తున్నావా? నీ మొహం చూస్తే, తిరుగు, తిరుగు అంటున్నట్టుంది. అమ్మ తిరగొద్దంది తెలుసా? ఒకసారి మాట వినకుండా తిరిగాను, ఏమైందో చూశావుగా.

వీధి చివర సిపాయిలు కదిలారు. నా కోసం ఆగరు వాళ్ళు.

సరే, నీకు ఒక్కదానికి నిజం చెప్తాను, నీకెలాగూ వినపడదు. అమ్మ మాట అని కాదు. కోపం అని కూడా కాదు. కోపం ఉంది, అది వేరే, అది ఎక్కడికీ పోదు. తిరిగితే వాడికి తెలిసిపోతుంది, విన్నానని. తెలిస్తే పిలవడం ఆపేస్తాడు.

పిలవనీ. ఇంకొక్కసారి పిలవనీ.